ముందు చక్రాల మాట వినేదెవరు?

పాత ట్రాక్టర్ బేరానికి వచ్చినవాళ్లు ముందు ఇంజన్ చప్పుడు వింటారు. పొగ నల్లగా వస్తోందా, తెల్లగా వస్తోందా చూస్తారు. హైడ్రాలిక్ లేపి, కల్టివేటర్‌ను గాల్లో ఆపి, అది మెల్లగా కిందికి జారుతుందేమోనని కాసేపు నిలబడతారు. వెనక టైర్ల గుబ్బలు ఎంత అరిగాయో వేలితో కొలుస్తారు. ఇంత చూసినవాళ్లే స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి అటోసారి ఇటోసారి తిప్పి, ‘కొంచెం లూజుంది’ అని ఊరుకుంటారు. ‘పాత బండి గదనే అన్నా, ఆ మాత్రం ఉంటది. రెండ్రోజులు నడిపితే చెయ్యి అలవాటైతది’ అని జవాబు వస్తుంది. బేరం కుదురుతుంది. వర్ధన్నపేటలోనే కాదు, తెలంగాణలో ఏ పల్లెకు వెళ్లినా స్టీరింగ్ లూజు ధరలో ఓ వెయ్యో రెండు వేలో తగ్గించుకునే సాకుగానే మిగులుతోంది. బాగు చేయించాల్సిన జబ్బుగా లెక్కకు రావడం లేదు.

చెయ్యి అలవాటు చేసుకోవడం అన్న ఈ పద్ధతి ప్రాణాల మీదికి తెస్తోంది. స్టీరింగ్ లూజైందంటే ఎక్కడో ఒక కీలు అరిగింది, ఒక నట్టు వదులైంది, ఒక బుష్షుకు నెలల తరబడి గ్రీజు అందలేదు. అది ఎక్కడో కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఓ జాకీ, తోడుకు ఓ మనిషి, సగం పూట తీరిక చాలు. అరిగిన బాల్ జాయింట్ మార్చడానికి అయ్యే ఖర్చు వందల్లో ఉంటుంది. అయినా ఆ సగం పూట దొరకడం లేదు. దానికి తప్పంతా రైతు నిర్లక్ష్యం మీదికి నెట్టేయడం న్యాయం కాదు. కొత్త ట్రాక్టర్ కొనిపించడానికి ఉన్న ఆత్రంలో పావు వంతు కూడా ఉన్న ట్రాక్టర్‌ను భద్రంగా నడిపించడం మీద మన ప్రభుత్వాలకు లేదు.

వర్ధన్నపేట వరంగల్–ఖమ్మం దారి మీది ఊరు. 563వ నంబరు జాతీయ రహదారి దాని మీదుగానే పోతుంది. కోనారెడ్డి చెరువు కింద, ఆకేరు వాగు పొడవునా, ఎస్సారెస్పీ కాల్వ నీళ్లు అందినంత మేరా వరి. చెలకల్లో పత్తి, మొక్కజొన్న, మిర్చి. పత్తి, మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు చేరాలంటే ఈ రోడ్డే దిక్కు. దాంతో ఇక్కడి ట్రాక్టర్‌కు రెండు రకాల బతుకు తప్పదు. పొద్దున కేజ్ వీల్స్ కట్టుకుని బురదలో దమ్ము చేస్తుంది. ఆ పని ముగిశాక టైర్లు మార్చుకుని ట్రాలీతో లారీల మధ్యకు ఎక్కుతుంది. 2023 ఆగస్టులో ఇల్లంద దగ్గర లారీ ఆటోను ఢీకొని, రాజస్థాన్ నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న రోడ్డు ఇదే. స్టీరింగ్ కీళ్లను తినేది మడిలోని బురద. తిన్న సంగతి బయటపడేది మాత్రం ఈ రోడ్డు మీద.

బురద ఎలా తింటుందో దగ్గర నుంచి చూస్తే తప్ప అర్థం కాదు. ముందు చక్రం కుడికీ ఎడమకూ తిరగాలంటే ఒక నిలువు ఇరుసు కావాలి. మెకానిక్‌లు దాన్ని కింగ్ పిన్ అంటారు. అది రెండు బుష్షుల మధ్య తిరుగుతుంది, కింద ఒక థ్రస్ట్ బేరింగ్ బండి ముందు భాగంలో ఆ పక్క బరువంతా మోస్తుంది. దమ్ము చేసేటప్పుడు ఈ జాగా అంతా ఇసుక కలిసిన బురద నీటిలో మునిగే ఉంటుంది. లోపల గ్రీజు నిండుగా ఉంటే బురదకు చోటుండదు. గ్రీజు ఎండిపోతే ఆ సందులోకి ఇసుక నీళ్లు చేరతాయి, ఇక పిన్ను తిరిగిన ప్రతిసారీ సానరాయి మీద తిరిగినట్టే. ఒక సీజన్ గడిచేసరికి గుండ్రటి బుష్షు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

అందుకే దమ్ము రోజుల్లో ప్రతి సాయంత్రం గ్రీజు కొట్టాలని పాత డ్రైవర్లు చెబుతారు. కొట్టే పద్ధతి కూడా ఉంది. చక్రం నేల మీదే ఉండగా నిపుల్‌కు గన్ పెట్టి నాలుగు సార్లు నొక్కితే గ్రీజు సులువున్న వైపు నుంచి బయటికి వచ్చేస్తుంది. బరువు మోస్తున్న వైపుకు చేరదు. జాకీతో ఇరుసును లేపి, బరువు తీసేసి కొడితేనే అది థ్రస్ట్ బేరింగ్ దాకా పోతుంది. నల్లటి పాత గ్రీజు, దానితో పాటు బురద బయటికి వచ్చి, వెనక కొత్త గ్రీజు మొహం కనిపించేదాకా కొట్టాలి. నిపుల్ మూతి మూసుకుపోయి ఉంటే గ్రీజు లోపలికి పోకుండా పక్కల నుంచి కారిపోతుంది. పైకి చూస్తే మాత్రం గ్రీజు కొట్టినట్టే ఉంటుంది. కొత్త నిపుల్ ధర ఒక టీ ఖర్చును మించదు.

డ్రైవర్ చేతిలోని చక్రానికీ నేల మీది చక్రానికీ మధ్య చాలా చేతులు మారతాయి. స్టీరింగ్ కడ్డీ కిందికి దిగి బాక్స్‌లోకి వెళ్తుంది. అక్కడ మరలాంటి వర్మ్, దాని మీద నట్టు, వాటి మధ్య దొర్లే ఉక్కు గుండ్లు. మన దగ్గర మామూలు స్టీరింగ్ ఉన్న పాత ట్రాక్టర్లలో ఎక్కువగా కనిపించే ఏర్పాటు ఇదే. బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్ట్‌కు డ్రాప్ ఆర్మ్, దానికి డ్రాగ్ లింక్, ఆ లింక్ లాగితే ఒక చక్రం, ఆ చక్రానికీ రెండో చక్రానికీ మధ్య టై రాడ్. ఫెర్గూసన్ వంశపు పాత బండ్లలో బాక్స్‌కు రెండు వైపులా రెండు డ్రాప్ ఆర్మ్‌లు ఉండి, ఒక్కో చక్రాన్ని వేరువేరు లింక్‌లు తిప్పుతాయి. వంపు తిరిగేటప్పుడు లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ తిరగాలన్న సూత్రానికి ఇంగ్లండులో 1818లోనే పేటెంట్ తీసుకున్నారు, అదీ గుర్రపు బండ్ల కోసం. ఇన్ని కీళ్లలో ఒక్కోదానిలో వెంట్రుకవాసి సందు చేరినా, అవన్నీ కలిసి డ్రైవర్ చేతి దగ్గర బెత్తెడు లూజుగా తేలుతాయి. చాలా కంపెనీల పుస్తకాలు స్టీరింగ్ అంచు దగ్గర ఒకటి రెండు అంగుళాల లూజును ఓర్చుకుంటాయి. పావు చుట్టు తిప్పినా చక్రం కదలని బండ్లు కూడా మన రోడ్ల మీద తిరుగుతున్నాయి.

పని తెలిసిన మెకానిక్ స్టీరింగ్ బాక్స్ జోలికి ఆఖరున పోతాడు. మొదట టైర్లు చూస్తాడు. రెండు వైపులా గాలి సమానంగా లేకపోతే బండి గాలి తక్కువున్న పక్కకు లాగుతుంది. దానికి స్టీరింగ్ విప్పడం దండగ. తర్వాత చదునైన నేల మీద బండి ఆపి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు ఇరుసు మధ్యలో జాకీ పెట్టి లేపుతాడు. ఇరుసు కింద గట్టి దిమ్మ పెట్టకుండా జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరడం ఎవరూ చేయకూడని పని. ఇప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాలి. ఊగితే హబ్ బేరింగైనా లూజైంది, కింగ్ పిన్ బుష్షైనా అరిగింది. రెండింటిలో ఏదో తేల్చడానికి తోడున్న మనిషి చక్రం వెనక కన్నేసి ఉంచాలి. హబ్ ఒక్కటే ఊగి, దాన్ని మోసే స్పిండిల్ నిలకడగా ఉంటే బేరింగ్ పని. నట్టు బిగించి, చక్రం తిప్పి చూసి, రవ్వంత వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ను వేస్తే చాలావరకు సరిపోతుంది. స్పిండిల్‌తో సహా ఊగితే కింగ్ పిన్ బుష్షులకు కాలం చెల్లినట్టే.

ఆ తర్వాతి పరీక్షకు చక్రాలను కిందికి దించాలి. ఒకరు సీటు మీద కూర్చుని స్టీరింగ్‌ను బెత్తెడు మేర అటూ ఇటూ ఆడిస్తుండాలి. ఇంకొకరు కింద కూర్చుని ఒక్కో బాల్ జాయింట్ మీద అరచెయ్యి వేసి చూడాలి. బాగున్న జాయింట్‌లో రెండు ముక్కలూ కలిసే కదులుతాయి. అరిగినదానిలో ఒక ముక్క కదిలాక రెండోది కదలడానికి ఒక్క క్షణం పడుతుంది, ఆ సందులో ‘టక్’మని చేతికి తగులుతుంది. కంటికి ఆనని లూజు అరచేతికి దొరికిపోతుంది. డ్రాప్ ఆర్మ్ నట్టు, బాక్స్‌ను బండికి బిగించిన బోల్టులు, ఇరుసు ఊగే సెంటర్ పిన్ను కూడా ఇలాగే తడిమి చూడాలి. ఇంత చేసినా సగం పూట దాటదు.

చాలా చోట్ల జరిగేది దీనికి తలకిందులు. లూజు అనగానే నేరుగా బాక్స్ మీది స్క్రూ బిగించేస్తారు. ఇందులో ఉన్న ప్రమాదం చాలామందికి తెలియదు. ట్రాక్టర్ ఎక్కువసేపు నడిచేది తిన్నగా కాబట్టి, బాక్స్ లోపలి పళ్లు, గాడి నడిమధ్యలోనే ఎక్కువ అరుగుతాయి. రెండు చివర్లూ కొత్తవాటిలాగే ఉంటాయి. నడిమధ్య లూజు పోయేదాకా బిగిస్తే, పూర్తిగా తిప్పినప్పుడు చివర్లలో పట్టేస్తుంది. మడి చివర మలుపు తిప్పిన స్టీరింగ్ మళ్లీ వెనక్కి రాదు. అంటే లూజు జబ్బు పోయి బిగుసుకుపోయే జబ్బు వచ్చిందన్నమాట, రెండోది మొదటిదాని కంటే చెడ్డది. అసలు లూజు టై రాడ్ చివర్లో ఉంటే ఈ బిగింపు వల్ల ఒరిగేదీ లేదు.

కీళ్లన్నీ సరిచేశాక టో ఇన్ కొలవాలి. ముందు చక్రాలు రెండూ ముందు వైపు కొద్ది మిల్లీమీటర్లు దగ్గరగా ఉండాలి, ఎన్ని మిల్లీమీటర్లన్నది కంపెనీని బట్టి మారుతుంది. దీనికి సుద్దముక్క, టేపు చాలు. చక్రం ముందు వైపు, ఇరుసు ఎత్తులో, రెండు టైర్ల నడిమి గీత మీద సుద్దతో గుర్తు పెట్టి దూరం కొలవాలి. బండిని మెల్లగా ముందుకు నెడితే ఆ గుర్తులు తిరిగి వెనక వైపుకు అదే ఎత్తుకు వస్తాయి. మళ్లీ కొలవాలి. రెండు కొలతల తేడాయే టో ఇన్. అది తప్పితే టైరు ఒక అంచున రంపంలా అరుగుతుంది, రోడ్డు మీద వేగం అందుకోగానే ముందు చక్రాలు వణకడం మొదలవుతుంది. కొత్త టైర్లు వేయించి, అవి ఏడాదికే అరిగాయని టైరు కంపెనీని తిట్టుకునే రైతులు చాలామంది ఉన్నారు. అందులో సగం తిట్లు టేపుతోనే తీరిపోయేవి.

వెల్డింగ్ సంగతి వేరుగా చెప్పాలి. డ్రాప్ ఆర్మ్, స్టీరింగ్ ఆర్మ్, టై రాడ్ చివర్లు పోతపోసిన మామూలు ఇనుము కావు. కాల్చి సుత్తి దెబ్బలతో రూపం దిద్ది, వేడితో గట్టిపరిచిన ఉక్కు. వాటి మీద వెల్డింగ్ మంట పడితే అతుకు పక్కన ఉక్కు పెళుసుబారుతుంది. పైకి అతుకు ఏనుగంత బలంగా కనిపిస్తుంది, ట్రాలీ నిండా వడ్లు వేసుకుని గుంతలో పడ్డ రోజున ఆ పక్కనే విరుగుతుంది. స్ప్లిట్ పిన్ను బదులు మేకు వంచి పెట్టడం, బాల్ జాయింట్ గిన్నెను సుత్తితో కొట్టి నొక్కేయడం, లూజు చోట వాషర్లు దూర్చడం కూడా ఈ కోవలోవే. పొలం మధ్యలో బండి ఆగితే ఇంటికి చేరడానికి ఏదో చేయక తప్పదు, అది వేరు. ఆ తాత్కాలికపు పనే మూడేళ్లు నడవడం దుర్మార్గం. వెల్డింగ్ షాపు నడిపేవాళ్లు కూడా స్టీరింగ్ ముక్క వస్తే చేయనని తిప్పి పంపాలి. ఎంత తెలిసినవాళ్లు అడిగినా సరే.

స్టీరింగ్ మరీ తేలికైపోవడం ఇంకో జబ్బు, దీన్ని చాలామంది సుఖం అనుకుంటారు. బండి మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉంటేనే స్టీరింగ్ పని చేస్తుందని వ్యవసాయ ఇంజనీర్లు చెబుతారు. వెనక బరువైన రోటావేటర్ లేపినా, ముందుకు మొగ్గేలా ట్రాలీ నింపి ఆ బరువంతా హుక్కు మీద వేసినా ముందు చక్రాలు నేలను సరిగా తాకవు. అప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. కంపెనీ ఇచ్చే ముందు బరువు దిమ్మలు అందుకే. అవి అడ్డమని తీసి పశువుల కొట్టంలో పడేసిన ఇళ్లు పల్లెల్లో కొల్లలు.

స్టీరింగ్ మొరాయించినప్పుడు డ్రైవర్లు పట్టే దగ్గరి దారి బ్రేకు. ట్రాక్టర్‌కు కుడి ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకు పెడల్స్ ఉంటాయి. మడిలో ఒక వైపు పెడల్ తొక్కితే బండి ఆ చక్రం మీదే గిరుక్కున తిరుగుతుంది. పొలంలో అది మంచి సదుపాయం. రోడ్డెక్కే ముందు రెండు పెడల్స్‌నూ కలిపే కొక్కెం వేయడం మరిస్తే, వేగంలో ఒకే వైపు బ్రేకు పడి బండి పల్టీ కొడుతుంది. స్టీరింగ్ సరిలేని బండికి ఒంటి బ్రేకు వాడకం ఎక్కువ, అలవాటు ఎక్కువైతే మరుపూ ఎక్కువే. ఒక లోపం ఇంకో ప్రమాదాన్ని ఇలా పక్కకు పిలుచుకుంటుంది.

ఇవన్నీ భరించేది చాలాసార్లు బండి యజమాని కాదు, కూలికి నడిపే డ్రైవర్. మామూలు స్టీరింగ్ ఉన్న బండి మీద రాయికో గట్టుకో ముందు చక్రం తగిలితే, ఆ దెబ్బ కీళ్ల గుండా వెనక్కి వచ్చి స్టీరింగ్ గిర్రున తిరుగుతుంది. బొటనవేలు ఊచల మధ్య ఉంటే విరుగుతుంది. అందుకే అనుభవమున్న డ్రైవర్లు బొటనవేలు లోపలికి పెట్టకుండా, నాలుగు వేళ్ల వరసలోనే అంచు మీద ఆనిస్తారు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఈ మాట మొదటి రోజే చెప్పాలి. పొద్దంతా బిగుసుకున్న స్టీరింగ్‌తో దమ్ము చేసిన డ్రైవర్ భుజాలు రాత్రికి లేవవు. ఆ నొప్పి ఎవరి కిరాయి లెక్కలోనూ ఉండదు. రిపేరుకు డబ్బులడిగే హక్కు కూడా అతనికి లేదు, అడిగితే ఇంకో డ్రైవర్ దొరుకుతాడు.

ట్రాలీలో కూర్చునేవాళ్ల గతి ఇంకా అన్యాయం. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాల్వలో పడి 9 మంది చనిపోయారు. మూడు నెలలు తిరగకముందే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టర్ మూసీ కాల్వలోకి బోల్తా కొట్టి 15 మంది ప్రాణాలు పోయాయి. అత్యధికులు పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్లు. ట్రాలీలో మనుషులను ఎక్కించుకోవడం చట్టవిరుద్ధం. అయినా నాట్లకూ మిర్చి ఏరడానికీ ఆటో కిరాయి పెట్టే స్తోమత లేనిచోట ఆ చట్టం కాగితం మీదే ఉంది. కాల్వ గట్టు మీద ట్రాక్టర్‌కు తప్పు దిద్దుకునే జాగా ఉండదు. స్టీరింగ్‌లో బెత్తెడు లూజుంటే, ఆ బెత్తెడూ గట్టు అంచు దగ్గర మూరెడవుతుంది. ఎస్సారెస్పీ కాల్వల గట్ల మీద రోజూ బండ్లు నడిచే వర్ధన్నపేట, పర్వతగిరి మండలాలు ఈ లెక్కను పట్టించుకోకుండా ఉండలేవు.

‘ఇంత తలనొప్పి ఎందుకు, పాత బండి తుక్కుకు వేసి కొత్తది కొంటే పోలేదా’ అనేవాళ్లున్నారు. పవర్ స్టీరింగ్ ఉన్న కొత్త బండ్లు చేతికి హాయిగా ఉంటాయన్నది నిజమే. కానీ నలభై, నలభై ఐదు హార్స్‌పవర్ కొత్త ట్రాక్టర్ ఆరేడు లక్షలకు తక్కువ రాదు. నాలుగైదు ఎకరాల రైతు దాన్ని కిరాయిలకు తిప్పితే తప్ప కిస్తులు కట్టలేడు. ఊళ్లో ఇప్పటికే కిరాయి బండ్లు ఎక్కువై రేట్లు పడిపోతుంటే అది ఇంకో అప్పు కథ అవుతుంది. పైగా పవర్ స్టీరింగ్‌కూ జబ్బులున్నాయి: ఆయిల్ తగ్గుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది, గాలి చేరుతుంది, సిలిండర్ సీలు కారుతుంది. అన్నిటికీ మించి అది లూజును దాచిపెడుతుంది. చేతికి వెన్నలా తిరుగుతున్న స్టీరింగ్ కింద టై రాడ్ ఊడిపోవడానికి సిద్ధంగా ఉండొచ్చు. కింగ్ పిన్, హబ్ బేరింగ్, టై రాడ్ కొత్త బండికైనా పాత బండికైనా ఒక్కటే.

ఆ పాత బండ్లు ఈ దేశపు రైతు చరిత్ర కూడా. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ తొలి దేశీ ట్రాక్టర్ బయటికి తెచ్చింది. 1963లో మహీంద్రా ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ఈ రంగంలోకి దిగింది. 1970ల తొలినాళ్లలో చెకొస్లోవేకియా జెటార్ నమూనాతో హెచ్ఎంటీ, 1974లో దుర్గాపూర్ శాస్త్రవేత్తల డిజైన్‌తో స్వరాజ్ వచ్చాయి. ప్రభుత్వ సంస్థ హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కంపెనీ మూతపడ్డా పొలాల్లో దాని బండ్లు ఆగలేదు. వాటికి బుష్షు కావాలంటే వరంగల్ ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద తిప్పించుకోవాలి. సైజు తెలిసిన మేస్త్రి ఉంటే పని దివ్యంగా అవుతుంది. అతను రిటైరైతే ఆ కొలతలూ అతనితోపాటే పోతాయి.

అసలు చిక్కు ఇక్కడుంది. వ్యవసాయ యాంత్రీకరణకు కేంద్రం 2014-15 నుంచి ప్రత్యేక పథకం నడుపుతోంది. మన రాష్ట్రంలో యంత్రలక్ష్మి పేరుతో ట్రాక్టర్లు రాయితీ మీద ఇచ్చారు. రాయితీ మాట వచ్చినప్పుడల్లా కళ్ల ముందు మెరిసేది కొత్త యంత్రం, తాళాలు అందించే నాయకుడి ఫొటో. బుష్షు మార్చిన మెకానిక్‌తో ఎవరూ ఫొటో దిగరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది, ట్రాక్టర్ టైర్లు, కొన్ని విడి భాగాల మీద 18 నుంచి 5కు తగ్గింది. రిపేరు చేయించుకునే రైతుకు ఇది నిజంగా మేలు చేసే నిర్ణయం. ఈ తగ్గింపు పల్లెలోని స్పేర్ పార్టుల కౌంటర్ దాకా దిగిందో లేదో వ్యవసాయ శాఖ అధికారులు షాపుల్లో బిల్లులు చూసి తేల్చాలి. బిల్లే ఇవ్వని షాపులో పన్ను తగ్గినా రైతుకు ఒరిగేదేమీ లేదు, అక్కడ దొరికే నకిలీ బాల్ జాయింట్‌కు జవాబుదారీ కూడా లేదు.

చట్టంలోనూ ఓ ఖాళీ ఉంది. లారీ, బస్సులాంటి రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ పత్రం తప్పనిసరి. సొంత సేద్యానికి వాడే ట్రాక్టర్ ఆ లెక్కలోకి రాదు. ఒకసారి రిజిస్ట్రేషన్ అయితే 15 ఏళ్ల దాకా చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అంటే బురదలో పదిహేనేళ్లు దమ్ము చేసిన ముందు ఇరుసును ఈ మధ్యలో ప్రభుత్వం తరఫున ఒక్క మనిషీ తడిమి చూడడు. రైతును ఏటా ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిప్పమని ఎవరూ కోరరు, కోరితే అది ఇంకో దోపిడీకి దారి తీస్తుంది. పరీక్షే రైతు దగ్గరికి రావాలి.

అందుకు కావలసిన మనుషులు, సంస్థలు దగ్గర్లోనే ఉన్నారు. వరంగల్ నుంచి వర్ధన్నపేట వచ్చే దారిలోనే మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వానాకాలం ముందు జూన్ తొలి వారంలో ఒకసారి, యాసంగి నాట్లకు ముందు ఇంకోసారి, మండల కేంద్రంలో రెండ్రోజులు స్టీరింగ్, బ్రేకు శిబిరం పెట్టవచ్చు. నాలుగు జాకీలు, దిమ్మలు, గ్రీజు గన్‌లు, టేపులు, ఊళ్లోని మెకానిక్‌లకు రోజు కూలి. పశువులకు గాలికుంటు టీకాలు ఊరూరా తిరిగి వేయగలిగిన యంత్రాంగానికి ఇది మోయలేని బరువు కాదు. లోపం దొరికిన బండికి జరిమానా రాయకుండా, మార్చాల్సిన ముక్క పేరు చీటీ రాసిచ్చి, ఆ ముక్క ధరలో సగం యాంత్రీకరణ నిధుల నుంచి భరిస్తే రైతులు పిలవకుండానే వస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ నడపడం, నిర్వహణ అక్కడ నేర్పుతారు. వర్ధన్నపేట కుర్రాడు అంత దూరం పోయి వారాల తరబడి ఉండడం కష్టం. ఐటీఐల్లో ట్రాక్టర్ మెకానిక్ అనే ఏడాది కోర్సుకు జాతీయ గుర్తింపు ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం చేసుకుని 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. రోబోలు, ఎలక్ట్రిక్ వాహనాలు నేర్పడం మంచిదే. వరి పండే జిల్లాల్లోని కేంద్రాల్లో ట్రాక్టర్ ముందు ఇరుసు విప్పి బిగించే బల్ల కూడా ఒకటి ఉండాలి, ఉద్యోగం ఊళ్లోనే దొరికే చదువు అది. ఇరవై ఏళ్లుగా రోడ్డు పక్క చెట్టు కింద పని చేస్తున్న మెకానిక్‌ల నైపుణ్యానికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే కేంద్ర పథకం ఇప్పటికే ఉంది. అందులో వాళ్లను చేర్పించి, టార్క్ రెంచ్ వాడటం, టో ఇన్ కొలవడం నేర్పితే వాళ్ల గౌరవమూ పెరుగుతుంది, కూలీ పెరుగుతుంది.

రిపేరు హక్కు మీద ప్రపంచమంతా మాట్లాడుతోంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతులు తమ యంత్రాలను తామే బాగు చేసుకునేందుకు కంపెనీలు పుస్తకాలు, పరికరాలు, విడి భాగాలు ఇవ్వాలని చట్టం చేసింది. సాఫ్ట్‌వేర్ తాళాలు వేసిన కంపెనీలతో రైతులు ఏళ్ల తరబడి పోరాడిన ఫలితం అది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఇదే హక్కు మీద కమిటీ వేసి, మొదట తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలను చేర్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ కూడా తెరిచింది. పోర్టల్‌లో కంపెనీల ఫోన్ నంబర్లుంటే సరిపోదు. మహీంద్రా ట్రాక్టర్లు మన జహీరాబాద్‌లోనే తయారవుతున్నాయి. ముందు ఇరుసు విడి భాగాల బొమ్మలు, బిగింపు కొలతలు, ఏ మోడల్ ముక్క ఏ మోడల్‌కు సరిపోతుందో చెప్పే పట్టికలు తెలుగులో అచ్చు వేసి, అమ్మకం ఆగిపోయిన మోడళ్లతో సహా ప్రతి మండల వ్యవసాయ కార్యాలయంలో ఉంచాలని అన్ని కంపెనీలనూ రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించాలి. హెచ్ఎంటీలాంటి మూతపడ్డ కంపెనీల కొలతలను, మేస్త్రిల జ్ఞాపకంలో ఉన్నంతలోనే, ఐటీఐ విద్యార్థులతో రాయించి భద్రం చేయాలి. మామునూరు కేంద్రం, వరంగల్ ఐటీఐ కలిసి వచ్చే జూన్‌కు ముందు వర్ధన్నపేట, రాయపర్తి, పర్వతగిరి మండలాల్లో మొదటి శిబిరాలు పెడితే, ఎన్ని బండ్లలో ఏ కీలు పోయిందో రాసుకున్న రిజిస్టరే మిగతా జిల్లాలకు దారి చూపుతుంది. ఆ రిజిస్టర్ తెరవడానికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా కలెక్టర్ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.